వదిన ఆగిన చోటు

నీడలమ్మకి తన పని మీద ఉన్నంత నమ్మకం ఆ ఊళ్లో ఇంకెవరికీ దేనిమీదా లేదు. ఆమె ఫోటోలు తీస్తుంది, అదీ మనుషుల ముఖాలే. ఎండలో ఎవరినీ నిలబెట్టదు. ఏ వీధిలో ఏ గోడ నీడ ఎన్ని గంటలకు ఎంతవరకు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అందుకే జనం ఆమె అసలు పేరు ఎప్పుడో మర్చిపోయి నీడలమ్మ అనడం మొదలుపెట్టారు. ఆమెకు ఆ పేరు బాగానే నచ్చింది, బోర్డు మీద కూడా అదే రాయించుకుంది.

ఆమె స్టూడియోలో తెర ఉండదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కెమెరాల బీరువా, అంతే. "గుడ్డ ముందు కూర్చోబెడితే గుడ్డ ఫోటో వస్తుంది, మనిషి ఫోటో రాదు" అంటుంది. వచ్చినవాళ్లని వీధిలోకి తీసుకెళ్లి, మీ ఇష్టం వచ్చిన దారిలో నడవండి అని చెప్పి, తను పదడుగుల వెనక కెమెరా పట్టుకుని నడుస్తుంది. వాళ్లంతట వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడే ఫోటో. పదకొండేళ్లుగా ఇదే పద్ధతి. పళ్ల డాక్టరు ఒకాయన మిఠాయి కొట్టు అద్దం ముందు ఆగిపోయాడు. ఆ ఫోటో ఇప్పుడు ఆయన క్లినిక్కులో వేలాడుతోంది, పంటి నొప్పితో వచ్చినవాళ్లు కూడా దాన్ని చూసి నవ్వుతారట. ఇంకో వకీలు రెండు గంటలు నడిచీ నడిచీ చివరికి సొంత ఇంటి గుమ్మం ముందే ఆగి, "ఇక నేను లోపలికి పోనా?" అన్నాడు. ఆ గుమ్మంలోనే తీసింది. వకీలు భార్య ఆ ఫోటో చూసి, మా ఆయన ఇంత మంచివాడని తెలియదే అందట.

అంతటి నీడలమ్మ, సొంత ఆడపడుచు దగ్గరికి వచ్చేసరికి ఒక్క సాయంత్రంలో ఐదుసార్లు తప్పులో కాలేసింది. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా తనే చెప్పుకుంటుంది, అది వేరే విషయం.

ఆడపడుచు అంటే భర్తకు అక్క. నీడలమ్మ ఆవిణ్ని వదినా అని పిలుస్తుంది. భర్తను పెంచి పెద్దచేసింది ఆ అక్కే కాబట్టి ఇంట్లో ఆవిడ మాటే మాట. ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపింది వదిన. అన్నేళ్లలో మనిషిని కాదు కదా, కుక్క తోకను కూడా తొక్కలేదు. స్టాపు వస్తే కాలిబాట అంచుకి సరిగ్గా జానెడు దూరంలో ఆపేది. ముసలివాళ్లు కిందికి చూడకుండా కాలు పెట్టి దిగిపోయేవారు. డిపోలో అందరూ ఆవిణ్ని జానెడక్క అంటారు.

నాలుగు నెలల కిందట కళ్ల పరీక్ష జరిగింది. వదినకి ఎదురుగా ఉన్న గుండుసూది కూడా కనిపిస్తుంది, కుడిపక్క నుంచి ఏనుగు వచ్చినా తెలియదని తేలింది. కుడివైపు చూపు పోయింది, మళ్లీ రాదన్నాడు డాక్టరు. వదిన ఆ రోజే బస్సు తాళంచెవి డిపో మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

అంతవరకైతే ఎలాగో సర్దుకునేవాళ్లే. కానీ వదిన ఆ కన్ను సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులు, అందుకే మానేశాను అని వీధంతా చాటింది. డిపో మేనేజరు మంచివాడు, అసలు సంగతి తెలిసినా ఆవిడ ముఖం చూసి ఆయన కూడా మోకాళ్లనే ఖాయం చేశాడు. అబద్ధం ఒకసారి మొదలుపెడితే మొయ్యాలి కదా. డిపో మనిషి ఎవరైనా ఎదురుపడితే చాలు, వదిన కుంటేది. ఏ కాలు కుంటాలో ఒక్కోసారి మర్చిపోయి రెండో కాలు కుంటేది. రానురాను కుంటే అవసరం లేకుండా బయటికి వెళ్లడమే మానేసింది. పైవాటాలో కూర్చుని, సర్దిన సొరుగుల్నే మళ్లీ సర్దేది. కింద భోజనానికి వచ్చినా కుడిభుజం గోడకి ఆనించి కూర్చునేది, అటుపక్క ఎవరూ రాకుండా.

"అక్క నవ్వి నాలుగు నెలలైంది" అన్నాడు భర్త ఒకరోజు. ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చదివే ఉద్యోగం అతనిది, ఏ అంకె ఎన్నాళ్లుగా కదలడం లేదో అతనికి బాగా తెలుస్తుంది.

సోమవారం డిపో నుంచి ఉత్తరం వచ్చింది. అందులో రెండు సంగతులు. కొత్త డ్రైవర్లకి పాఠాలు చెప్పే ఉద్యోగం మీకే ఇవ్వాలనుకుంటున్నాం, శుక్రవారం సాయంత్రం ఆరు లోగా చెప్పండి, ఆ తర్వాత వేరేవాళ్లని చూసుకోవాలి అన్నది మొదటిది. ఒప్పుకున్నా లేకపోయినా శిక్షణ గదిలో మీ ఫోటో ఒకటి పెడతాం, పంపించండి, లేకపోతే మీ పాత గుర్తింపు కార్డు ఫోటోనే పెద్దది చేయిస్తాం అన్నది రెండోది.

ఆ కార్డు ఫోటోలో వదిన ఎవరి పర్సో కొట్టేసి దొరికిపోయినట్టు ఉంటుంది. నీడలమ్మ ఇంట్లో ఉండగా అలాంటి ఫోటో గోడెక్కితే ఇంకేమైనా ఉందా!

"ఉద్యోగం నావల్ల కాదు" అని తేల్చేసింది వదిన. "గదిలో నలభైమంది కూర్చుంటారు. కుడిపక్కవాణ్ని చూడాలంటే నేను కోడిలా మెడ మొత్తం తిప్పాలి. ఒకసారి తిప్పితే ఏమనుకోరు, గంటకి వందసార్లు తిప్పితే? మోకాళ్లకీ మెడకీ ఏం సంబంధం అని అడగరా? బస్సు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నా మెడ చూసి నవ్వుకుంటారు."

"ఎవరూ నవ్వరు వదినా."

"నేనైతే నవ్వేదాన్ని" అంది వదిన.

అయినా ఆమె కుంగిపోయే రకం కాదు. ఈవిడ తన ముఖం తను సరిగ్గా చూసుకుని ఎన్నాళ్లైందో, ఒక్క మంచి ఫోటో చూస్తే ఉద్యోగం దానంతటదే ఒప్పుకుంటుంది అని మనసులో లెక్క వేసుకుంది. ఫోటో వరకైనా సరే అనమని మూడు రోజులు వెంటపడింది. గురువారం వదిన విసిగిపోయి ఒప్పుకుంది, రెండు షరతుల మీద. డిపోలో వద్దు, బస్సు పక్కన వద్దు.

"బస్సు పక్కన నిలబడితే అమ్మేసిన ఇంటి ముందు నిలబడినట్టు ఉంటుంది" అంది.

శుక్రవారం మధ్యాహ్నం నీడలమ్మ ముందుగా తను ఎంచిన చోట్లే చూపించింది. ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న చోట్లు అవి. లైబ్రరీ మెట్లు, మూడింటికి అక్కడ పాలమీగడ లాంటి వెలుగు ఉంటుంది.

వదిన మెట్లకేసి చూసి, రోడ్డుకేసి చూసి, "ఇక్కడ ఆపితే వెనక బండ్లన్నీ హారన్లు కొట్టి చంపుతాయి" అంది.

"మనం ఏ బండీ ఆపడం లేదు వదినా."

"అయినా సరే."

పార్కులో రాతి బెంచీ దగ్గరికి తీసుకెళ్లింది. వదిన కూర్చోనైనా కూర్చోలేదు. "ఇక్కడ కూర్చోబెట్టి తీస్తే రిటైరైన దానిలా ఉంటాను."

"మరి రిటైరవలేదా?"

"మోకాళ్ల నొప్పులతో ఆగాను."

"నాతో కూడా మోకాళ్లేనా వదినా!"

వదిన నాలుక్కరుచుకుంది. "అలవాటైపోయిందే" అంది. ఇద్దరికీ నవ్వు వచ్చింది కానీ పెద్దగా నవ్వలేదు.

మూడో చోటు అద్దాల పైకప్పు ఉన్న పాత మార్కెట్టు. అక్కడ వదిన బుద్ధిగా నిలబడింది. నీడలమ్మ పది పన్నెండు తీసి, కెమెరా వెనక తెర మీద చూసుకుంది. మెడ కర్రలా బిగిసిపోయి, గడ్డం పైకెత్తి, కళ్లు తిన్నగా పెట్టి, ఊపిరి కూడా బిగబట్టి నిలబడింది వదిన. మెడ తిప్పకూడదన్న పంతం ముఖమంతా ఉంది. పర్సు దొంగ మళ్లీ దొరికిపోయింది.

సరే, నా పద్ధతి నాకు ఉండనే ఉంది అనుకుంది నీడలమ్మ. నాలుగు కావస్తోంది. ఇంటికి దగ్గరగా ఉన్న పెద్ద రోడ్డు మొదట్లో వదినని నిలబెట్టి, మీ ఇష్టం వచ్చినట్టు నడవండి, నన్ను మర్చిపోండి అని చెప్పి, పదడుగులు వెనక్కి తగ్గింది. వదిన చేతిసంచీ భుజాన సర్దుకుని నడక అందుకుంది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషి అంత చురుగ్గా నడుస్తుందని నీడలమ్మ అనుకోలేదు, వెనక దాదాపు పరుగెత్తాల్సి వచ్చింది.

వదిన మొదట పరుపుల కొట్టు ముందు ఆగింది. నీడలమ్మ కెమెరా ఎత్తింది. పరుపులు! ఎన్నేళ్ల అలసటో పాపం, ఆ మెత్తదనం ముందు ఆగిపోయింది అనుకుని గబగబా తొమ్మిది ఫోటోలు తీసింది. వదిన కాసేపు నిలబడి, తలెత్తి ఒకసారి పైకి చూసి, కదిలిపోయింది.

తర్వాత ఆసుపత్రి గేటు ముందు. అయ్యో, కళ్ల డాక్టరు గుర్తొచ్చాడు అనుకుంది నీడలమ్మ. కళ్లు చెమర్చాయి కూడా. ఏడు ఫోటోలు. వదిన అంతే సేపు నిలబడి, పైకి చూసి, కదిలింది.

మూడోసారి బ్యాంకు. దీనికి నీడలమ్మ దగ్గర కారణం దొరకలేదు కానీ ఫోటోలు మాత్రం తీసింది. నాలుగోసారి సైకిళ్ల షాపు. చిన్నప్పటి సైకిలు అయ్యుంటుందని సర్దిచెప్పుకుంది. ఐదోసారి ఏమీ లేని ఒక గోడ ముందు ఆగింది వదిన. తలుపు లేదు, కిటికీ లేదు, పోస్టరు కూడా లేదు. ఆహా, ఈ గోడలో ఏముందో అని నీడలమ్మ ఒక మోకాలి మీద వంగి, ఆ ఖాళీ గోడలోని గొప్పతనమంతా పట్టుకోబోతూ కెమెరా పైకెత్తింది. వదిన నెత్తి మీద, స్తంభానికి, బస్సు స్టాపు బోర్డు కనబడింది.

ఆమె వెనక్కి తిరిగి రోడ్డంతా చూసింది. సైకిళ్ల షాపు ముందు ఒక బోర్డు. బ్యాంకు ముందు ఒక బోర్డు. ఆ పైన ఆసుపత్రి, పరుపులు. కెమెరా ఒళ్లో పెట్టుకుని కాలిబాట మీదే చతికిలపడి కడుపు పట్టుకుని నవ్వింది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

"ఏమైందే? పడ్డావా?" అంటూ వదిన వెనక్కి వచ్చింది.

"వదినా, మీరు నడవడం లేదు. బస్సు నడుపుతున్నారు!"

"ఏం మాట్లాడుతున్నావు?"

"స్టాపు స్టాపుకీ ఆగుతున్నారు. జనం ఎక్కి దిగేదాకా ఉంటున్నారు. పైన అద్దంలో చూసుకుని మరీ కదులుతున్నారు!"

వదిన వచ్చిన దారంతా ఒకసారి చూసింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. "నేనేం ఆపలేదు, కాళ్లు అవే ఆగాయి" అంది. ఇక ఆవిడకీ ఆగలేదు, పకపకా నవ్వేసింది.

"ఇంతకీ ఎవరైనా ఎక్కారా?"

"నువ్వొక్కదానివే ఎక్కావు. అదీ టికెట్టు లేకుండా."

ఆ నవ్వు ఫోటో తీయలేదే అని నీడలమ్మ ఇంటికెళ్లాక నొచ్చుకుంది. అప్పుడైతే ఆ ఊహే రాలేదు. సమయం నాలుగున్నర దాటింది, ఆరింటికి మేనేజరుకి జవాబు చెప్పాలి, చేతిలో ముప్పై దాకా పనికిరాని ఫోటోలు ఉన్నాయి. నవ్వు తగ్గాక కొంచెం భయం వేసింది. ఆ ముప్పై ఒక్క ఏళ్లూ వదిన కాళ్లలో ఇంకా ఉన్నాయి, ఆవిడేమో వాటిని సొరుగుల్లో సర్దేస్తోంది.

"ఇంకెన్ని స్టాపులున్నాయి?" అంది.

"ఒకటే. పోస్టాఫీసు. అదే ఆఖరు."

"అయితే అక్కడిదాకా తోలండి."

పోస్టాఫీసు స్టాపు దగ్గర బస్సులన్నీ జనాన్ని దించేసి, ఎదుట ఉన్న మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, మళ్లీ అక్కడే జనాన్ని ఎక్కించుకుంటాయి. ఏడుగురు నిలబడి ఉన్నారు. ఆ వేళకి పోస్టాఫీసు నీడ సరిగ్గా స్టాపు మీద పడుతుంది, ఆ సంగతి నీడలమ్మకి తెలుసు. అంతకు మించి అక్కడ ఏమీ లేదు.

అప్పుడే ఒక బస్సు వచ్చింది. ఆ వచ్చిన బస్సు అంచుకి మూడు బారల దూరంలో, రోడ్డు మధ్యలో ఆగింది. మధ్యలో పొద్దుటి వాన నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. చేతికర్రతో ఒక ముసలాయన దిగబోయి, కర్ర ఎక్కడ ఆనించాలో తెలియక, గాలిలో కాలు ఊపుతూ తలుపు పట్టుకుని వేలాడాడు. ఇద్దరు నీళ్లలోకి దూకి ఆయన్ని దించారు.

వదిన ముఖం చూసి నీడలమ్మ పక్కకి తప్పుకుంది. ఆవిడకి కోపం రావడం చాలా అరుదు, వస్తే మాత్రం దారికి అడ్డం ఉండకూడదు. వదిన మడుగులోంచే టకటకా నడుచుకుంటూ డ్రైవరు కిటికీ కిందికి వెళ్లి నిలబడింది.

"ఎన్నాళ్లైంది బాబూ బస్సెక్కి?"

డ్రైవరు గుబురు మీసాల మనిషి, నలభై ఉంటాయి. "మూడు వారాలండీ" అన్నాడు.

"అంతకుముందు?"

"లారీ అండీ. పన్నెండేళ్లు."

"అదీ సంగతి. బస్తాలు మమ్మల్ని ఎక్కడ దించుతున్నావని అడగవు. మనుషులకి కాళ్లుంటాయి, ఆ కాళ్లకి నేల కావాలి."

అతను నీళ్లు నమిలాడు. వెనకనుంచి కండక్టరమ్మ తొంగిచూసి, "అయ్యో, జానెడక్కా!" అని గట్టిగా అరిచింది. ఆ పేరు వినగానే మీసాల మనిషి సీట్లోంచి సగం లేచాడు. "మీరా అండీ? మా దగ్గర అందరూ మీ పేరే చెబుతారండీ. నాకేమో అంచు దగ్గరికి రావాలంటే టైరు రాసుకుంటుందని భయమండీ."

వదిన కోపం అక్కడికక్కడే దిగిపోయింది. భయం అన్న మాట ఆవిడ విన్నదంటే ఇక అది ఆవిడ పని. "చుట్టు తిరిగి రా. నేను స్టాపులో నిలబడతాను. నా చెయ్యి చూడు, అంచు చూడకు. నేను ఆపమనేదాకా ఆపకు" అంది.

వదిన వచ్చి ఆ ఏడుగురి పక్కన, అంచు దగ్గర నిలబడింది. అప్పుడు చూసింది నీడలమ్మ. స్టాపులో ఉన్నవాళ్లందరూ బస్సు కోసం ఒకవైపే చూస్తున్నారు. ఏడు మెడలూ కుడివైపుకే తిరిగి ఉన్నాయి. వదిన మెడ కూడా ఆ వైపుకే, మొత్తంగా, భుజం దాకా తిరిగి ఉంది. ఆవిడ దాన్ని దాచుకోవాలని మర్చిపోయింది. దాచుకోవాల్సిన పనీ లేదు. ఊరు మొత్తం మీద మనుషులందరూ అలా మెడ తిప్పుకుని నిలబడే చోటు ఇదొక్కటే. పదకొండేళ్ల అనుభవం ఉండి కూడా ఈ చోటు నాకు తట్టలేదే అనుకుంది నీడలమ్మ.

ఎక్కడినుంచి తీయాలో మాత్రం ఆమెకి తక్షణం తట్టింది. "ఆపండి, ఆపండి!" అంటూ కదిలిన బస్సు వెనక మైదానం మలుపు దాకా పరుగెత్తి ఎక్కింది. ఖాళీ బస్సులో డ్రైవరు వెనక మోకాళ్ల మీద కూర్చుని, అతని చెవి పక్కనుంచి కెమెరా పెట్టింది. "నేను లేననుకోండి" అంది.

"ఎలా అనుకోమంటారమ్మా, కెమెరా చెవిలో పెట్టి!" అన్నాడు మీసాల మనిషి.

బస్సు మలుపు తిరిగింది. ముందద్దం నిండా స్టాపు కనబడింది. వదిన చెయ్యి పైకెత్తి ఉంది. రా, రా అంటోంది చెయ్యి. అరచెయ్యి నిబ్బరంగా ఉంది, కళ్లు ముందు చక్రం మీద ఉన్నాయి. ముఖంలో భయం లేదు, పంతం లేదు, దొంగతనం అసలే లేదు. పని తెలిసిన మనిషి పని చేస్తోంది. నీడలమ్మ మూడంటే మూడే తీసింది, రెండోది తీస్తున్నప్పుడే చాలని తెలిసిపోయింది.

అరచెయ్యి నిలువుగా ఆగింది. బస్సు ఆగింది. వదిన వంగి బొటనవేలు టైరుకి ఆనించి, చిటికెనవేలు అంచువైపు చాపి కొలిచింది. "జానెడు మీద రెండు వేళ్లు. రోడ్డుకి ఫర్వాలేదు. నా దగ్గరైతే ఫెయిల్" అంది. స్టాపులోవాళ్లు నవ్వారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

కండక్టరమ్మ దిగి వచ్చి వదిన చేతులు పట్టుకుంది. "అక్కా, అంత వంగి లేచారే! మోకాళ్లు పూర్తిగా తగ్గిపోయినట్టేనా?"

వదిన ముఖంలో వెలుగు ఆరిపోయింది. చేతులు విడిపించుకుని, "ఏదో, ఫర్వాలేదమ్మా" అని గొణిగి, ఇంటివైపు తిరిగి కుంటుతూ నడిచింది. పది అడుగుల తర్వాత కాలు మారింది. ఈసారి నీడలమ్మకి నవ్వు రాలేదు. కెమెరా సంచిలో పెట్టేసి, ఆ కుంటే కాలినే చూస్తూ వెనక నడిచింది.

ఇంటికి చేరేసరికి ఐదున్నర. భర్త అప్పటికే వచ్చి వంటింట్లో టీ పెడుతున్నాడు. నీడలమ్మ బల్ల మీద కంప్యూటరు తెరిచి, రెండో ఫోటో ఒక్కటే తెర నిండా పెట్టి, ఏమీ మాట్లాడకుండా పక్కకి జరిగింది. మాట్లాడకుండా ఉండడం ఆమెకి ఎంత కష్టమో భర్తకి తెలుసు, అతను కూడా గరిటె కింద పెట్టి వచ్చి నిలబడ్డాడు.

వదిన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ నీలం చొక్కా అతను అంచు దాటి నిలబడ్డాడు. బస్సు అద్దం తగులుతుంది" అంది ముందు.

"ఊఁ."

"నా మెడ..." అని ఆగింది.

"మీ మెడకేమైంది వదినా?"

వదిన తెర మీద వేలు పెట్టి, ఒక్కొక్క ముఖాన్నే దాటుకుంటూ పోయింది. అందరూ అటే తిరిగి ఉన్నారు. వేలు తన ముఖం దగ్గరికి వచ్చి ఆగింది. ఎనిమిది మంది వరసలో ఆవిడ ఒకతె, చెయ్యెత్తి ఉంది కాబట్టి కంటికి ముందు ఆవిడే ఆనుతోంది. మెడ గురించి చెప్పుకోవాల్సింది ఏమీ లేదు.

"ఇది ఎక్కడినుంచి తీశావు?"

"డ్రైవరు భుజం పక్కనుంచి. ఆ సీట్లో కూర్చుంటే ఎంత ఎత్తులో కనబడుతుందో అంతే ఎత్తు నుంచి."

"అదే అనుకుంటున్నాను" అంది వదిన. "ముప్పై ఒక్క ఏళ్లు నేను చూసింది ఇదేనే. స్టాపు స్టాపుకీ ఇవే ముఖాలు, బస్సొస్తోందా అని ఇటే చూస్తూ. మళ్లీ ఇది కనబడదనుకున్నాను."

కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నీడలమ్మ కూడా ఏడ్చింది. ఆమె దేన్నైనా గట్టిగానే చేస్తుంది కాబట్టి గట్టిగానే ఏడ్చింది. చోటు నేను ఎంచలేదు వదినా, మీ కాళ్లే ఎంచాయి అని చెప్పాలనుకుంది కానీ మాట పైకి రాలేదు.

గోడ గడియారం ఆరుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. వదిన ఫోను తీసుకుని డిపోకి తనే కలిపింది. అవతల మేనేజరు గొంతు వంటింటికంతా వినబడుతోంది.

"సార్, నేను. సోమవారం క్లాసు ఎన్నింటికి?" అంది వదిన. అవతల ఆయన సంతోషంతో ఏదో చెప్పబోతే సాగనివ్వలేదు. "పోస్టాఫీసు రూటులో లారీ నుంచి వచ్చిన మీసాల ఆయన ఒకరున్నారు, ఆయన్నీ పంపించండి. మంచివాడు, రెండు వేళ్లు తగ్గిస్తే చాలు. ఇంకోమాట సార్. ఇకమీదట ఎవరైనా అడిగితే మోకాళ్లని చెప్పకండి. కన్ను అని చెప్పండి."

"మీకు ఇబ్బంది లేదు కదమ్మా?" అన్నాడు మేనేజరు.

"నాకెందుకు ఇబ్బంది? మొదటి రోజే నేనే చెప్పేస్తాను. కుడివైపు కూర్చున్నవాళ్లు సందేహమొస్తే చెయ్యెత్తి లాభం లేదు, నోరు తెరిచి పిలవండి, నేను తిరిగి చూస్తాను అని."

ఫోను పెట్టేసింది. తమ్ముడు ఆవిడకి కుడిపక్కనే, చేతిలో టీ కప్పుతో, ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉన్నాడు.

"అక్కా" అన్నాడు.

వదిన మెడ మొత్తం తిప్పి, తమ్ముణ్ని తేరిపార చూసింది.